అక్యూట్ లుకేమియా: మాలిక్యులర్ రిపోర్టులో జన్యువుల పేర్లు ఏం చెబుతాయి, ఎప్పుడు చెప్పాలి

హైదరాబాద్‌లో ఎవరికైనా అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అని తేలితే, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లినా, పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లినా, ప్రైవేటు ఆసుపత్రిలో చేరినా, మొదటి వారంలోనే ఆ కుటుంబం వినే మాట ఒకటుంది: "మాలిక్యులర్ రిపోర్ట్ రావాలి." అంటే జబ్బు కణాల్లో జన్యువుల మార్పులను చూసే పరీక్ష ఫలితం. తీరా అది వచ్చాక అందులో ఎన్‌పీఎం1, ఎఫ్‌ఎల్‌టీ3, డీఎన్ఎంటీ3ఏ లాంటి పేర్లుంటాయి, పక్కన శాతాలుంటాయి. రిపోర్టును ఫొటో తీసి తెలిసినవాళ్లకు వాట్సాప్ చేస్తారు. ఇక సందేహాలు మొదలవుతాయి. "మ్యుటేషన్ పాజిటివ్ అంట, అంటే పిల్లలకూ వస్తుందా?" "అన్నీ నెగెటివే వచ్చాయి, అంటే క్యాన్సర్ కాదేమో?"

రెండు సందేహాలకూ మూలం ఒకటే. ఈ పరీక్ష అవును, కాదు అని తేల్చే ఒకే పరీక్ష అనుకోవడం. నిజానికి ఒక్కో జన్యువు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. జబ్బు ఏ రకం? ఏ మందు పనిచేస్తుంది? కీమో సరిపోతుందా, బోన్ మ్యారో (ఎముక మూలుగ) మార్పిడి కావాలా? చికిత్స తర్వాత జబ్బు ఇంకా మిగిలుందా? రక్తసంబంధీకులకు ముప్పు ఉందా? వీటిలో కొన్నిటికి జవాబు గంటల్లో కావాలి, కొన్నిటికి నెల తర్వాత వచ్చినా నష్టం లేదు. రిపోర్టును అర్థం చేసుకోవడమంటే, ఏ పేరు ఏ ప్రశ్నకు జవాబో, ఆ జవాబు ఎప్పటికి కావాలో తెలుసుకోవడమే.

పుట్టుకతో వచ్చిన మార్పు వేరు, మూలుగలో తర్వాత వచ్చిన మార్పు వేరు

రక్తకణాలు ఎముక మూలుగలో తయారవుతాయి. అక్కడ ఏదో ఒక కణంలో జన్యువు దెబ్బతిని, ఆ కణం ఎదగకుండానే పెరిగిపోవడం మొదలైతే పుట్టేవి బ్లాస్ట్ కణాలు. ఇవి రోజుల్లో, వారాల్లో మూలుగను నింపేస్తే అక్యూట్ లుకేమియా. మైలాయిడ్ కణాల్లో మొదలైతే ఏఎంఎల్, లింఫాయిడ్ కణాల్లో మొదలైతే ఏఎల్ఎల్. పెద్దవాళ్లలో ఏఎంఎల్, పిల్లల్లో ఏఎల్ఎల్ ఎక్కువ.

రిపోర్టులో కనిపించే మార్పుల్లో అత్యధికం ఇలా బతుకు మధ్యలో ఒక మూలుగ కణంలో వచ్చినవే. తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, పిల్లలకు వెళ్లవు. ఎఫ్‌ఎల్‌టీ3 పాజిటివ్ అన్నంత మాత్రాన ఇంట్లోవాళ్లు టెన్షన్ పడాల్సిన పనిలేదు. పుట్టుకతో వచ్చే మార్పులు కొద్దిమందిలోనే ఉంటాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

మార్పు అనేదానికి ఇప్పుడు ల్యాబులు వాడుతున్న మాట 'వేరియంట్'. అందరి జన్యువుల్లోనూ లక్షల వేరియంట్లుంటాయి, చాలావాటివల్ల ఏ హానీ ఉండదు. జబ్బుకు కారణమయ్యే వేరియంట్‌నే మామూలుగా మ్యుటేషన్ అంటున్నాం.

ఒకే సూది, వేరువేరు ట్యూబులు

నడుము వెనక తుంటి ఎముక నుంచి తీసిన మూలుగ ఒకే పరీక్షకు పోదు. కొంత గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తారు. కొంత ఫ్లో సైటోమెట్రీకి, అంటే కణాల మీది గుర్తులను బట్టి వాటి రకం చెప్పే పరీక్షకు పోతుంది, ఏఎంఎలా, ఏఎల్ఎలా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతుంది. మిగతాది రెండు రకాల ట్యూబుల్లో పడుతుంది. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఉంటుంది. అది కారియోటైపింగ్‌కు, అంటే క్రోమోజోములను నేరుగా చూసే పరీక్షకు. ఆ పరీక్షకు కణాలు బతికుండాలి, ల్యాబులో విభజన చెందాలి. ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ తీసి చేసే పీసీఆర్ (ఎంచుకున్న ముక్కను పెంచి చూసేది), ఎన్‌జీఎస్ (చాలా జన్యువులను ఒకేసారి చదివేది) పరీక్షలకు అది. హెపారిన్ పీసీఆర్‌కు అడ్డం పడుతుంది కాబట్టి ఈ రెండూ మారిపోకూడదు.

సూదితో మొదట లాగిన కొద్దిపాటి మూలుగే చిక్కగా ఉంటుంది. మళ్లీ మళ్లీ లాగేకొద్దీ మామూలు రక్తం కలిసి పలచబడుతుంది. ఆ పలచని నమూనాలో చేసిన పరీక్షలో శాతాలు తక్కువగా కనిపిస్తాయి, ఒక్కోసారి మ్యుటేషన్ కనిపించకుండా కూడా పోతుంది. ఆర్ఎన్ఏ అయితే ఆలస్యమైతే త్వరగా పాడవుతుంది. రిపోర్టులో "నమూనా నాణ్యత" అని ఉండే చిన్న గడిని ఎవరూ చదవరు గానీ, 'నెగెటివ్' అన్న మాటను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది అదే.

నెగెటివ్‌కు ఇంకో పరిమితీ ఉంది. ఆ ప్యానెల్‌లో, అంటే ఒకేసారి చూసే జన్యువుల జాబితాలో, ఏ జన్యువులున్నాయో వాటి గురించే అది చెబుతుంది. ఎఫ్‌ఎల్‌టీ3లో వచ్చే ఐటీడీ అనే మార్పులో జన్యువులోని ఒక ముక్క రెండుసార్లు అతుక్కుంటుంది. ఆ ముక్క పొడవైనదైతే, చిన్నచిన్న తునకలుగా చదివే ఎన్‌జీఎస్‌కు అది దొరక్కపోవచ్చు. అందుకే చాలా ల్యాబులు ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీని పీసీఆర్‌తో విడిగా కూడా చూస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, లుకేమియా ఉందని తేల్చేవి మైక్రోస్కోప్, ఫ్లో సైటోమెట్రీ. ఏ మ్యుటేషనూ దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

రిపోర్టు కోసం ఆగకూడని జబ్బు, వెంటనే తెలియాల్సిన జన్యువు

ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అనే రకం ఒకటుంది. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై పీఎంఎల్-రారా అనే కలయిక జన్యువు పుట్టడం దీనికి మూలం. ఇది రక్తం గడ్డకట్టే వ్యవస్థను చెదరగొడుతుంది. రోగి మొదటి రోజుల్లోనే మెదడులో రక్తస్రావమై చనిపోయే ప్రమాదముంది. ఆ రోజులు దాటిస్తే మాత్రం పెద్దవాళ్ల అక్యూట్ లుకేమియాలన్నిటిలో బాగా నయమయ్యేది ఇదే. విటమిన్-ఏ నుంచి వచ్చిన ఆట్రా మాత్రలు, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ కలిపి ఇస్తే, అధిక రిస్క్ లేని రోగుల్లో నూటికి తొంభైమందికి పైగా మామూలు కీమో అవసరం లేకుండానే కోలుకుంటున్నారు.

అందుకే ఇక్కడ నియమం తలకిందులు. మైక్రోస్కోప్‌లో ఏపీఎల్ అనుమానం రాగానే ఆట్రా మొదలుపెట్టేస్తారు. ఫిష్ (మెరిసే రంగుతో క్రోమోజోము ముక్కలను గుర్తించే పరీక్ష) లేదా పీసీఆర్‌తో నిర్ధారణ ఆ తర్వాత. పరీక్షలో కాదని తేలితే మాత్ర ఆపేస్తారు. రిపోర్టు కోసం ఆగడమే ప్రాణాపాయం.

ఏఎల్ఎల్‌లో అలా త్వరగా తెలియాల్సింది బీసీఆర్-ఏబీఎల్1. 9, 22 క్రోమోజోముల మధ్య ముక్కలు మారి పుట్టే ఈ జన్యువున్న చిన్న క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు, ఆ ఊరి పేరే దానికి నిలిచింది. ముక్కలు మారడం వల్లే అది పుట్టిందని 1973లో జానెట్ రౌలీ చూపించారు. పెద్దవాళ్ల ఏఎల్ఎల్‌లో దాదాపు పావువంతు మందిలో ఇది ఉంటుంది. ఒకప్పుడు చాలా చెడ్డ రకమని పేరు. 2001లో ఇమాటినిబ్ వచ్చాక కీమోతోపాటు ఆ మాత్ర ఇవ్వడంతో పరిస్థితి మారింది. 2003లో హైదరాబాద్ కంపెనీ నాట్కో దాని జనరిక్‌ను తెచ్చింది, 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంట్ నిరాకరించింది. ఈ పరీక్షను నేను అన్నిటికన్నా ముందు వరసలో పెట్టడానికి కారణమిదే. జవాబు పాజిటివ్ అయితే, దానికి సరిపోయే మాత్ర మామూలు కుటుంబానికి అందే ధరలో ఉంది.

ఏఎంఎల్‌లో ఒకే మ్యుటేషన్, మారిన తీర్పు

పెద్దవాళ్ల ఏఎంఎల్‌లో దాదాపు సగం మందికి క్రోమోజోములు మామూలుగానే కనిపిస్తాయి. అలాంటప్పుడు తేడా చెప్పేది జన్యువులే. ఎన్‌పీఎం1 మార్పు ఏఎంఎల్ రోగుల్లో మూడోవంతు వరకు ఉంటుంది. అది ఒక్కటే ఉంటే కీమోకు బాగా లొంగే రకం. ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ నాలుగోవంతు మందిలో ఉంటుంది. ఎఫ్‌ఎల్‌టీ3 కణం పైపొరలో ఉండే గ్రాహకం, బయటి నుంచి సంకేతం వస్తేనే లోపలికి "పెరుగు" అని చెప్పాలి. ఐటీడీ వచ్చాక, ఎవరూ నొక్కకుండానే కాలింగ్ బెల్ మోగుతూ ఉన్నట్టు, ఆ కబురు ఆగదు. టీపీ53 మార్పు కనిపిస్తే జబ్బు మొండిదని అర్థం. సాధారణ కీమో దాని మీద పెద్దగా పనిచేయదు.

ఇక చిక్కు. ఎన్‌పీఎం1తోపాటు ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ తక్కువ మోతాదులో ఉన్న రోగిని తీసుకోండి. లుకేమియా నిపుణుల బృందమైన యూరోపియన్ లుకేమియా నెట్ 2017లో ఇచ్చిన రిస్క్ పట్టిక ప్రకారం ఆ రోగిది "మంచి" వర్గం. 2022 పట్టికలో అదే రోగి "మధ్యస్థం". రోగి మారలేదు, జబ్బు మారలేదు. ఐటీడీ మోతాదును ఒక్కో ల్యాబు ఒక్కోలా కొలుస్తోందనీ, ఎఫ్‌ఎల్‌టీ3ని అడ్డుకునే మందులు వచ్చాయనీ తక్కువ, ఎక్కువ అన్న ఆ గీతను తీసేశారు. 2024లో, గట్టి కీమో తట్టుకోలేని పెద్ద వయసువాళ్ల కోసం విడిగా ఇంకో పట్టిక వచ్చింది. వెనెటోక్లాక్స్ లాంటి మందులతో చికిత్స చేస్తే పాత పట్టిక చెప్పిన మంచి చెడ్డలు సరిపోవడం లేదన్నది దానికి కారణం. ఇంటర్నెట్‌లో దొరికిన పాత పట్టికతో మీ రిపోర్టును పోల్చి చూస్తే తప్పుడు భయమైనా, తప్పుడు ధైర్యమైనా రావచ్చు.

మందు ఉందంటే ఎంత మేలు అన్నది కూడా లెక్కగానే చూడాలి. ఎఫ్‌ఎల్‌టీ3 ఉన్న 717 మందితో చేసిన రాటిఫై క్లినికల్ ట్రయల్‌లో, కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో నాలుగేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 44 శాతం. కీమోకు ఎఫ్‌ఎల్‌టీ3ని అడ్డుకునే మిడోస్టారిన్ కలిపితే 51 శాతం. వందమందిలో ఏడుగురు ఎక్కువ. ఆ ఏడుగురి ఇళ్లకు అది మొత్తం ప్రపంచం. కానీ మందు దొరికితే జబ్బు పోయినట్టేనని చెప్పే అంకె కాదది.

శాతాల లెక్క: ఒక ఊహా రిపోర్టు

జన్యువు పేరు పక్కన ఉండే శాతాన్ని వీఏఎఫ్ అంటారు. యంత్రం ఆ చోటును వెయ్యిసార్లు చదివితే, 420 సార్లు మార్పు కనిపిస్తే వీఏఎఫ్ 42 శాతం. ప్రతి కణంలో జన్యువుకు రెండు ప్రతులుంటాయి, మామూలుగా ఒకటే మారుతుంది. కాబట్టి 42 శాతం అంటే సుమారు 84 శాతం కణాల్లో మార్పు ఉన్నట్టు. క్రోమోజోము ముక్క పోయినా, రెట్టింపైనా ఈ లెక్క తప్పుతుంది, అయినా మొదటి అంచనాకు పనికొస్తుంది.

యాభై ఏళ్ల రోగి రిపోర్టులో నాలుగు వరసలున్నాయనుకుందాం. డీఎన్ఎంటీ3ఏ 45 శాతం. ఎన్‌పీఎం1 42. ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ 18. ఇంకో జన్యువులో ఒక వేరియంట్ 49, దాని పక్కన "అర్థం తేలనిది" అని రాసుంది. ఈ అంకెల్లోనే జబ్బు చరిత్ర ఉంది. డీఎన్ఎంటీ3ఏ సుమారు 90 శాతం కణాల్లో ఉంది, అంటే బహుశా అన్నిటికన్నా ముందు వచ్చింది, ఏళ్ల క్రితమే అయ్యుండొచ్చు. ఎన్‌పీఎం1 దాని మీద వచ్చింది. ఎఫ్‌ఎల్‌టీ3 మూడోవంతు కణాల్లోనే ఉంది, కాబట్టి చివర్లో వచ్చిన శాఖ. 49 శాతం మీద ఉన్నది పుట్టుకతో ప్రతి కణంలోనూ ఉన్నదేమో అని అనుమానించాలి.

రెండు విడతల కీమో అయింది. మూలుగ మైక్రోస్కోప్‌లో శుభ్రంగా ఉంది. మళ్లీ చూస్తే ఎన్‌పీఎం1, ఎఫ్‌ఎల్‌టీ3 లేవు. డీఎన్ఎంటీ3ఏ 20 శాతం, ఆ అర్థం తేలనిది 50 శాతం. "ఇంకా రెండు మ్యుటేషన్లు ఉన్నాయి" అని ఆ కుటుంబం కుంగిపోతుంది. అక్కర్లేదు. డీఎన్ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 మార్పులు లుకేమియా లేని పెద్ద వయసువాళ్ల రక్తంలో కూడా కనిపిస్తాయి. రోగం తగ్గాక ఇవి మిగిలిపోయినా, ఒక్క దాని ఆధారంగా జబ్బు మిగిలిందని లెక్కించరు. 50 దగ్గరే నిలిచినది పుట్టుకతో వచ్చిందన్న అనుమానాన్ని బలపరుస్తుంది.

అసలు గమనించాల్సింది ఎన్‌పీఎం1. ఎన్‌జీఎస్‌కు కనిపించకపోయినా, లక్ష కణాల్లో ఒకటి రెండు మిగిలినా పట్టుకోగల పీసీఆర్ దానికి ఉంది. ఇలా మిగిలిన జబ్బును ఎంఆర్‌డీ అంటారు. 2016లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, రెండో విడత కీమో తర్వాత రక్తంలో ఎన్‌పీఎం1 ఇంకా దొరికినవాళ్లలో మూడేళ్లలోపు 82 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, దొరకనివాళ్లలో 30 శాతం మందికి. మార్పిడి చేయాలా వద్దా అన్న నిర్ణయానికి మొదటి రోజు రిపోర్టు కన్నా ఈ రెండో రిపోర్టే ఒక్కోసారి ఎక్కువ బరువు తూగుతుంది.

'అర్థం తేలనిది' అని ఎందుకు రాస్తారు

ఒక మార్పు జబ్బుకు కారణమా, లేక ఆ మనిషిలో ఊరికే ఉన్న తేడానా అని తేల్చడానికి ల్యాబులు వెతికే మొదటి ఆధారం ఇది: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది ఎంతమందికి ఉంది? చాలామందికి ఉంటే కారణం కాదు. చిక్కేమిటంటే, ప్రపంచ డేటాబేసుల్లో చాలాకాలం యూరప్ మూలాలవాళ్ల డీఎన్ఏనే ఎక్కువ. మన దగ్గర మామూలుగా ఉండే వేరియంట్ అక్కడ లేకపోతే, అరుదైనదిగా, అనుమానాస్పదంగా కనిపిస్తుంది.

మనకు ఇక్కడ కొంత ఆసరా ఉంది. '1000 జీనోమ్స్' ప్రాజెక్టులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు ఒక ప్రత్యేక సమూహంగా ఉన్నారు. హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో దేశంలోని పలు సమూహాల నుంచి పదివేల మంది జన్యుక్రమాలు చదివారు. ఇలాంటి సమాచారం పెరిగేకొద్దీ "అర్థం తేలనిది" అన్న వరసలు "హాని లేనిది"గా మారుతుంటాయి. అంతవరకు ఆ వరసను చూసి చికిత్స మార్చరు.

పిల్లల ఏఎల్ఎల్‌లో మందు డోసు చెప్పే జన్యువు

ఇక్కడ పూర్తిగా వేరే రకం పరీక్ష ఒకటుంది. ఇది క్యాన్సర్ కణంలో మార్పు కోసం కాదు, పిల్లవాడి సొంత శరీరం మందును ఎలా అరిగించుకుంటుందో తెలుసుకోవడానికి. ఏఎల్ఎల్ చికిత్సలో చివరి దశ మెయింటెనెన్స్, దాదాపు రెండేళ్లు. రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన మందుల్లో ఒకటి ఈ మెథోట్రెక్సేట్. దానికి ముందటిది అమినోప్టెరిన్. 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు దాన్నే ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని మొదటిసారి చూపించారు. ఈ మాత్రలు మింగే మన పిల్లల ఇళ్లలో ఆయన పేరు తెలియాలని నా కోరిక.

మెర్కాప్టోప్యూరిన్‌ను శరీరం అదుపు చేయడంలో టీపీఎంటీ, నుడ్‌టీ15 అనే రెండు జన్యువులు ముఖ్యం. టీపీఎంటీ లోపం యూరప్ వాళ్లలో ఎక్కువ కాబట్టి పాశ్చాత్య పుస్తకాల్లో దాని మాటే ఎక్కువ. నుడ్‌టీ15 లోపం ఆసియావాళ్లలో, మన దేశంలోనూ ఎక్కువ. నుడ్‌టీ15 రెండు ప్రతులూ లోపమున్న పిల్లవాడికి మామూలు డోసు ఇస్తే తెల్లకణాలు పూర్తిగా పడిపోయి ప్రాణాపాయమైన ఇన్ఫెక్షన్లు వస్తాయి. అలాంటి పిల్లలకు రోజుకు చదరపు మీటరుకు 50 నుంచి 75 మిల్లీగ్రాముల బదులు 10తో మొదలుపెట్టాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. మెయింటెనెన్స్ మొదలయ్యేలోపు తెలిస్తే చాలు, తొలి రోజు తొందర లేదు. ఇది పుట్టుకతో వచ్చేదే. అయినా ఇది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందని కాదు.

ఇంట్లోవాళ్లకు నిజంగా సంబంధించే సందర్భం

డీడీఎక్స్41, రన్ఎక్స్1, సెబ్పా, గాటా2 లాంటి జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన హానికర మార్పు వంశంలో నడిచి, లుకేమియా ముప్పును పెంచుతుంది. కొందరిలో అరవై దాటాకే జబ్బు బయటపడుతుంది, అందువల్ల "మా వంశంలో లేదు" అన్న మాట సరిపోదు. మేనరికాల్లో రెండు వైపుల నుంచీ ఒకే లోపం అందితే వచ్చే ఫాంకోని అనీమియా అనే మూలుగ జబ్బు కూడా లుకేమియాకు దారితీయగలదు.

ఇది తెలియాల్సింది ముఖ్యంగా బోన్ మ్యారో మార్పిడికి ముందు. అన్నకు తమ్ముడు మూలుగ ఇస్తాడు. ఆ తమ్ముడిలో కూడా అదే మార్పు ఉంటే, ముప్పున్న మూలుగనే మళ్లీ ఎక్కించినట్టవుతుంది. దాత కణాల నుంచే లుకేమియా పుట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అనుమానమున్నప్పుడు రోగి చర్మం నుంచి చిన్న ముక్క తీసి, ఆ కణాలను ల్యాబులో పెంచి పరీక్షిస్తారు. ఉమ్మి చాలదా అంటే, లుకేమియా రోగి ఉమ్మిలో రక్తకణాలు కలిసి ఉంటాయి కాబట్టి జవాబు గందరగోళమవుతుంది.

పెద్ద ప్యానెల్ అందరికీ చేయాలా

ఇక్కడ డాక్టర్ల మధ్యే రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. మొదటి వాదం: 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీసీ అనే ఇంకో అంతర్జాతీయ వర్గీకరణ రెండూ ఏఎంఎల్‌ను జన్యువుల ఆధారంగానే విడదీస్తున్నాయి. నాలుగైదు జన్యువులతో ఆ పేరు పెట్టలేం. టీపీ53 ఉందని ముందే తెలిస్తే, పనిచేయని కీమో కోసం ఇల్లు తాకట్టు పెట్టించకుండా ఉండొచ్చు. 2024లో అమెరికాలో అనుమతి పొందిన రెవుమెనిబ్ లాంటి మందులు వస్తున్నకొద్దీ వెతకాల్సిన జన్యువులూ పెరుగుతాయి.

రెండో వాదం: ప్యానెల్ ఖర్చు చాలా ఇళ్లలో యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్ల కోసం దాచిన డబ్బులోంచే వస్తుంది. దొరికిన మార్పుకు మందు ఇక్కడ దొరకకపోయినా, దొరికినా కొనలేకపోయినా ఆ సమాచారం చికిత్సను మార్చదు. పైగా పెద్ద ప్యానెల్ ఫలితం చాలాచోట్ల వారాలు పడుతుంది. చికిత్సను మార్చే జన్యువుల ఫలితం మూడు నుంచి అయిదు రోజుల్లో రావాలన్నది యూరోపియన్ లుకేమియా నెట్ 2022 సూచన. కీమో మొదలై రెండు వారాలయ్యాక వచ్చిన ఎఫ్‌ఎల్‌టీ3 ఫలితం సగం విలువ పోగొట్టుకున్నట్టే.

ఆగొచ్చా అన్నది కూడా రోగిని బట్టి ఉంటుంది. అమెరికాలో 60 దాటినవాళ్లతో చేసి 2020లో ప్రచురించిన 'బీట్ ఏఎంఎల్' ట్రయల్‌లో, ఏడు రోజుల్లో జన్యు ఫలితాలు తెప్పించి దాన్ని బట్టి చికిత్స ఎంచుకోవడం చాలామంది విషయంలో సాధ్యమైంది. కానీ తెల్లకణాలు లక్ష దాటి ఊపిరాడని రోగిని ఏడు రోజులు ఆపలేరు.

నా అభిప్రాయంలో, డబ్బు పరిమితంగా ఉన్న చోట దశలవారీగా వెళ్లడమే న్యాయం. ముందు కారియోటైపింగ్, ఏపీఎల్ అనుమానిస్తే పీఎంఎల్-రారా, ఏఎల్ఎల్‌లో బీసీఆర్-ఏబీఎల్1, ఏఎంఎల్‌లో ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1 త్వరగా. మార్పిడి నిర్ణయం ముందుకొచ్చినప్పుడు, లేదా మొదటి పరీక్షలు దారి చూపనప్పుడు పెద్ద ప్యానెల్. ఈ పద్ధతికి ఒక షరతుంది. జబ్బు తెలిసిన రోజు తీసిన మూలుగ లాంటి నమూనా కీమో తర్వాత దొరకదు, ఆ కణాలు అప్పటికి చచ్చిపోయి ఉంటాయి. ఆ రోజే డీఎన్ఏ తీసి ఫ్రీజర్‌లో దాచిపెడితే, ప్యానెల్‌ను తర్వాత ఎప్పుడైనా దాని మీదే చేయించుకోవచ్చు. జబ్బు తిరగబెడితే మాత్రం పాత డీఎన్ఏ చాలదు. మొదట లేని ఎఫ్‌ఎల్‌టీ3 అప్పుడు కనిపించొచ్చు, ఉన్నది పోయి ఉండొచ్చు, కాబట్టి కొత్త మూలుగ తీసి మళ్లీ చూడాలి.